పెనుకొండ చూసిన దాయాది పోరు: వింతలు, విశేషాలు

విజయనగరం కథ చెప్పమంటే మనవాళ్ళు రెండు సంవత్సరాలు చెప్పి ఊరుకుంటారు. 1336లో పుట్టింది, 1565లో తళ్ళికోట దగ్గర కూలింది అని. అది హంపి నుంచి చూసేవారి లెక్క. హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వైపు వెళ్తూ, దారిలో పెనుకొండను తలెత్తి చూసేవారికి ఇంకో లెక్క తెలియాలి. తళ్ళికోట తర్వాత కూడా ఆ రాజ్యం ఎనభై ఏళ్ళకు పైగా నిలిచింది. అందులో దాదాపు పాతికేళ్ళు రాజధాని పెనుకొండే. సుల్తానులు కొట్టిన దెబ్బల నుంచి అది మాటిమాటికీ కోలుకుంది. కోలుకోలేకపోయింది దాయాదులు కొట్టిన దెబ్బల నుంచే. ఆ దాయాది పోరులోని మలుపులన్నిటిలోనూ ఈ కొండ పేరు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. వాటిలో వింతైనవి, మొదటివి, పెద్దవి, ఘోరమైనవి ఏరి ఇక్కడ చెబుతున్నాను.

యుద్ధం లేకుండా చేతులు మారిన సింహాసనం

1485. విరూపాక్షరాయలను సొంత పెద్దకొడుకే చంపాడు. చంపినవాడు సింహాసనం తనకొద్దని తమ్ముడికి ఇచ్చాడు. ఆ తమ్ముడు ఎక్కీ ఎక్కగానే అన్నను చంపించాడు. ఈ కథ రాసిపెట్టినవాడు పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్. చంద్రగిరి వైపు బలపడిన సాళువ నరసింహుడు ఇక ఊరుకోలేదు. తన సేనానిని విజయనగరం మీదికి పంపాడు. కోట వాకిట అడ్డుకున్నవాడు లేడు. సేనాని నేరుగా అంతఃపురం దాకా నడిచి వెళ్ళాడు. రాజు వెనకదారిన పారిపోయాడు. సంగమ వంశం నూటయాభై ఏళ్ళ ఏలుబడి అలా ముగిసింది. దక్షిణదేశంలో ఇంత పెద్ద రాజ్యం ఇంత తేలిగ్గా చేతులు మారిన సందర్భం మరొకటి నాకు కనబడలేదు.

ఇరవై వేలమంది కాపలా

సాళువ నరసింహుడు 1491లో పోతూ పసివాళ్ళయిన ఇద్దరు కొడుకులను, రాజ్యాన్ని తుళువ నరసనాయకుడి చేతుల్లో పెట్టాడు. పెద్దవాడు హత్యకు గురయ్యాడు. రెండోవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజయ్యాడు. కొన్నాళ్ళకు నరసనాయకుడు ఆ కుర్రవాణ్ణి పెనుకొండ కోటకు తరలించి ఉంచాడు. కాపలాకు పెట్టిన మంది ఇరవై వేలని నూనిజ్ రాశాడు. సొంత రాజ్యంలో, సొంత కోటలో, సొంత సైన్యమే చుట్టూ నిలబడి ఒక రాజును బయటికి రానివ్వకుండా పెంచింది. నరసనాయకుడు 1503లో పోయాడు. అతని కొడుకు వీరనరసింహుడు 1505లో ఇమ్మడి నరసింహుణ్ణి పెనుకొండలోనే చంపించి తానే సింహాసనం ఎక్కాడు.

కృష్ణదేవరాయలు ఆ వీరనరసింహుడి తమ్ముడే. మనం అంత గర్వంగా చెప్పుకునే తుళువ వంశపు వైభవానికి పునాది ఈ కోటలో జరిగిన హత్య. ఆ మాట దాచకుండా పిల్లలకు చెప్పాలి. కృష్ణరాయల గొప్పతనం దానివల్ల తగ్గదు.

మూడు పట్టాభిషేకాలు చేసుకున్న రాయలు

కృష్ణదేవరాయలు 1529లో పోయేసరికి కొడుకు ఏడాదిన్నర పసివాడు. తమ్ముడు అచ్యుతుడు చంద్రగిరి కోటలో నిర్బంధంలో ఉన్నాడు. అల్లుడు రామరాయలు పసివాడి పేరు మీద పెత్తనం చెయ్యాలని చూశాడు. అచ్యుతుడి బావమరదులు సలకరాజు సోదరులు ఆ ఎత్తు పారకుండా సింహాసనాన్ని కాపాడి పెట్టారు. విడుదలైన అచ్యుతరాయలు తిరుమలలో ఒకసారి, శ్రీకాళహస్తిలో ఒకసారి, విజయనగరంలో మరోసారి, మొత్తం మూడుసార్లు పట్టాభిషేకం చేసుకున్నాడు. తన హక్కు మీద ఎవరికీ అనుమానం మిగలకూడదనే ఈ ఏర్పాటు అని నేననుకుంటాను.

హిందూపురం పక్కనున్న లేపాక్షి గుడి ఈయన కాలానిదే. పెనుకొండ సీమ ఖజానా చూసిన విరుపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ ఆ గుడిని పెంచారు. ఒకే రాతిలో చెక్కిన అక్కడి బసవన్న దాదాపు 4.5 మీటర్ల ఎత్తు, 8 మీటర్లకు పైగా పొడవు. దేశంలోని అతి పెద్ద ఏకశిలా నందుల్లో ఒకటి. రెండు దాయాది పోర్ల మధ్య దొరికిన పదమూడేళ్ళ వ్యవధిలో మన సీమ శిల్పులు ఎంత పని చేసిపెట్టారో చూడాలంటే లేపాక్షి చాలు. కల్యాణమంటపం మాత్రం సగంలోనే ఆగింది.

ఆరు నెలల రాజు

అచ్యుతరాయలు 1542లో పోయాడు. కొడుకు వెంకటుడు చిన్నవాడు. మేనమామ సలకరాజు చినతిరుమలుడు రాజ్యం గుప్పిట్లో పెట్టుకున్నాడు. కొడుకు ప్రాణానికి భయపడిన తల్లి వరదాంబ సొంత అన్నదమ్ముడి మీదికి బీజాపూరు ఆదిల్షాను సాయం పిలిచింది. ఇంటి తగవులోకి బయటివాణ్ణి పిలిచే అలవాటు ఆ రోజు నుంచి విజయనగరాన్ని వదల్లేదు. మేనమామ చివరికి మేనల్లుడి గొంతు నులిమి చంపించాడు. చేతికందిన రాచకుటుంబం వారందరినీ చంపించాడు. వెంకటుడు సింహాసనం మీద ఉన్నది సుమారు ఆరు నెలలు. విజయనగర చరిత్రలో అతి తక్కువకాలం ఏలినవారిలో అతనొకడు.

అప్పుడు రామరాయలు గుత్తి కోటలో బందీగా ఉన్న సదాశివుణ్ణి బయటికి తెచ్చి రాజుగా చాటాడు. పెనుకొండ పట్టుకున్నాడు. ఆ తర్వాత కోమలి, జూటూరు, బేడగల్లు దగ్గర వరసగా పోరాడి సలకరాజును వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. ఆఖరి పోరాటం తుంగభద్ర ఒడ్డున జరిగింది. సలకరాజు చచ్చాడు. ఈ పోరాటాల్లో చాలావరకు నేటి అనంతపురం, కర్నూలు సీమల్లోనే జరిగాయి. తళ్ళికోట పేరు తెలిసిన మన పిల్లల్లో జూటూరు పేరు విన్నవారు ఎంతమంది? ఆ యుద్ధం గెలవకపోతే రామరాయలు లేడు, రామరాయలు లేకపోతే తళ్ళికోట లేదు.

ఏడాదికోసారి దర్శనం

సదాశివరాయలు 1542 నుంచి దాదాపు 1570 దాకా పేరుకు చక్రవర్తి. శాసనాలన్నీ ఆయన పేరు మీదే. రాజ్యం నడిపింది రామరాయలు, ఆయన తమ్ముళ్ళు తిరుమల, వెంకటాద్రి. రాజును జనానికి ఏడాదికి ఒక్కసారి మాత్రమే చూపించేవారని 1567లో విజయనగరానికి వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. అత్యధిక కాలం బందీగా ఉంటూ రాజ్యం ఏలిన చక్రవర్తి అన్న పేరు మన దేశంలో ఇవ్వాలంటే ఈయనకే ఇవ్వాలి.

550 ఏనుగుల మీద ఖజానా

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం. రామరాయల తల తెగిన కబురు నగరానికి చేరీ చేరగానే తిరుమలరాయలు సదాశివుణ్ణి, రాచకుటుంబాన్ని, ఖజానాను తీసుకుని బయలుదేరాడు. బంగారం, వజ్రాలు, రత్నాలు 550 ఏనుగుల మీద కదిలాయని, వాటి విలువ 10 కోట్ల పౌండ్లకు పైమాటేనని పాత కథనాల ఆధారంగా చరిత్రకారుడు రాబర్ట్ స్యూయెల్ రాశాడు. అంకెలో అతిశయోక్తి ఉండవచ్చు. ఏనుగుల వరస చేరిన చోటు మాత్రం పెనుకొండే. విజయనగరం నుంచి ఎనిమిది రోజుల ప్రయాణమని సీజర్ ఫ్రెడరిక్ లెక్క. తిరుమలరాయలు తిరిగి వచ్చి పాత నగరాన్ని నిలబెట్టాలని చూశాడు, వల్ల కాలేదు. 1567లో రాజధాని పూర్తిగా పెనుకొండకు మారింది. పాత నగరంలో పులులు తిరుగుతున్నాయని ఆ వర్తకుడే రాశాడు.

పెనుకొండలో ఉన్న ఆ తిరుమలరాయలకే రామరాజభూషణుడు ‘వసుచరిత్ర’ అంకితమిచ్చాడు. రాజధాని బూడిదైన కొన్నేళ్ళకే తెలుగులో అంత బిగువైన ప్రబంధం వెలువడింది. ఈ సీమకు దక్కిన గౌరవాల్లో దాన్నే నేను మొదట లెక్కపెడతాను.

పట్టుబడని కోట

సదాశివుడు హత్యకు గురవడంతో తుళువ వంశం పోయి, తిరుమలరాయలతో అరవీటి వంశం వచ్చింది. రామరాయల కొడుకు పెదతిరుమలుడికి ఇది మింగుడుపడలేదు. పినతండ్రి మీద పగతో తన తండ్రిని చంపిన కూటమిలోని ఆదిల్షానే సాయం అడిగాడు. బీజాపూరు సేన పెనుకొండ మీదికి వచ్చింది. సవరం చెన్నప్పనాయకుడు కోట కాపాడాడు. 1576లో మళ్ళీ వచ్చారు. ఈసారి ఆలీ ఆదిల్షా స్వయంగా వచ్చి మూడు నెలలు ముట్టడించాడు. తిరుమలరాయల కొడుకు శ్రీరంగరాయలు ఖజానాతో చంద్రగిరికి వెళ్ళి, కోటను చెన్నప్పకు అప్పగించాడు. గోలకొండను సాయం అడిగి, ఆదిల్షా పక్షంలోని హిందూ సేనానులను తనవైపు తిప్పుకున్నాడు. ముట్టడి విరిగిపోయింది.

మూడోసారి గోలకొండ వంతు. 1589 ప్రాంతంలో మహమ్మద్ కులీ కుతుబ్షా పెనుకొండను చుట్టుముట్టాడు. రాజు వెంకటపతిరాయలు రాజీకి రాయబారం పంపాడు. కుతుబ్షా కాస్త వెనక్కి జరగగానే మూడు రోజుల్లో కోట నిండా తిండిగింజలు నింపారు. జగదేవరాయలు ముప్పై వేల తుపాకీ బంట్లతో లోపలికి చేరాడు. ఈ అంకె చెప్పింది మన పక్షం కవులు కారు, గోలకొండ పక్షం చరిత్రలో ఉన్నదే. కృష్ణకు వరద వచ్చే కాలం దగ్గరపడటంతో ముట్టడి ఎత్తేసి వెళ్ళక తప్పలేదు.

ఇరవై ఏళ్ళ వ్యవధిలో మూడు ముట్టడులు, మూడూ విఫలం. తళ్ళికోటలో గెలిచినవారు పెనుకొండ దగ్గర ఓడారు. ఈ మాట మన బడిపుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉండాలని నా కోరిక.

ఒక రాజ్యం, ముగ్గురు కొడుకులు

తిరుమలరాయలు కొడుకులకు పంచిన తీరు కూడా విశేషమే. తెలుగు సీమ పెనుకొండ నుంచి శ్రీరంగడికి, కన్నడ సీమ శ్రీరంగపట్టణం నుంచి రాముడికి, తమిళ సీమ చంద్రగిరి నుంచి వెంకటపతికి. భాషలవారీ ఏర్పాటు పాలనకు సుళువే. వారసత్వానికి మాత్రం చేటయింది. 1580ల నడుమ శ్రీరంగడు సంతానం లేకుండా పోతే, రెండోవాడి పిల్లలను కాదని ఆఖరివాడు వెంకటపతి చక్రవర్తి అయ్యాడు. రాముడి పెద్దకొడుకు చేతిలోని శ్రీరంగపట్టణాన్ని 1610లో మైసూరు రాజ ఒడెయరు లాగేసుకున్నాడు. రాయలవారు దాన్ని వెనక్కి తెచ్చే ప్రయత్నం చెయ్యలేదు. కన్నడ సీమ చేజారింది అప్పుడే.

అన్నిటికన్నా ఘోరమైనది: 1614

వెంకటపతిరాయలు సుమారు ముప్పై ఏళ్ళు ఏలాడు. అరవీటివారిలో ఆయనంతటివాడు లేడు. రాజధాని పెనుకొండ నుంచి చంద్రగిరికి, అక్కణ్ణుంచి వేలూరుకు మారింది. ఆయనకు బిడ్డలు లేరు. గొబ్బూరివారి ఆడపడుచు అయిన ఒక రాణి గర్భం నటించి, ఒక బ్రాహ్మణ శిశువును తెచ్చి తన బిడ్డగా పెంచింది. రాజుకు సంగతి తెలిసినా రాణి మీది ప్రేమతో బయటపెట్టలేదట. ఈ కథంతా రాసినవాడు జెసూట్ ఫాదరీ బర్రదాస్. 1616 డిసెంబర్ 12న కొచ్చి నుంచి ఆయన రాసిన ఉత్తరమే ఈ పోరుకు మనకున్న అతి విలువైన సాక్ష్యం.

1614 అక్టోబర్‌లో మరణశయ్య మీద వెంకటపతి ఆ పిల్లవాణ్ణి పక్కనపెట్టి, అన్న రాముడి కొడుకు శ్రీరంగడికి రాజవస్త్రాలు, నగలు ఇచ్చి వారసుడన్నాడు. రాణి సోదరుడు గొబ్బూరి జగ్గరాజుకు అది సహించలేదు. బర్రదాస్ లెక్క ప్రకారం జగ్గరాజు 20,000 మందిని, అతనితో కలిసిన తిమ్మనాయకుడు 12,000 మందిని, మాకరాజు 6,000 మందిని యుద్ధానికి దించగలవారు. ఈ ముగ్గురూ కలిసి కొత్త రాజును, భార్యాబిడ్డలను వేలూరు కోటలో బంధించి, పెంపుడు పిల్లవాణ్ణి రాజన్నారు. సామంతులు ఒక్కొక్కరే వచ్చి తలవంచారు.

తలవంచనివాడు వెలుగోటి యాచమనాయకుడు. వెంకటగిరి వారి పూర్వీకుడు. మాట ఇచ్చినవాడి వెంటే ఉంటానన్నాడు. అంతఃపురం బట్టలు ఉతికే చాకలి ఒకడు, మాసిన బట్టల మూటలో రాజు రెండో కొడుకు పన్నెండేళ్ళ రామదేవుణ్ణి బయటికి తెచ్చి యాచముడికి అప్పగించాడు. ఆ చాకలి పేరు ఏ శాసనంలోనూ, ఏ కావ్యంలోనూ లేదు. రాజ్యానికి వారసుణ్ణి మిగిల్చింది సేనానులూ కారు, మంత్రులూ కారు, అతడొక్కడే. నా దృష్టిలో ఈ పోరులో అందరికన్నా గొప్ప పని అతనిది.

రాజును కూడా తప్పించాలని కోటలోకి సొరంగం తవ్వించారు, అది బయటపడిపోయింది. కాపలా నాయకుణ్ణి తిప్పుకుని మరో ప్రయత్నం చేశారు. కబురు ముందే జగ్గరాజుకు చేరింది. అతని తమ్ముడు చెరలోకి వెళ్ళి, రాజు చేతనే భార్యాబిడ్డలను చంపించి, ఆపైన రాజును కూడా చచ్చేలా చేశాడు. ఒక చక్రవర్తి కుటుంబం ఇలా ముగిసిందని చదివినప్పుడు చెయ్యి వణుకుతుంది. విజయనగర చరిత్రలో ఇంతకన్నా చీకటి రోజు తళ్ళికోట కూడా కాదు. తళ్ళికోటలో చంపింది శత్రువులు.

ఈ కబురు పాకగానే తలవంచిన సామంతులు చాలామంది అసహ్యించుకుని యాచముడి వైపు తిరిగారు. పోరు రెండేళ్ళకు పైగా సాగింది. జగ్గరాజు పక్షాన మదురై ముత్తువీరప్ప, జింజి కృష్ణప్పనాయకుడు. రామదేవుడి పక్షాన యాచముడు, తంజావూరు రఘునాథనాయకుడు. తిరుచిరాపల్లి మైదానంలో ఎదురెదురుగా చేరిన సేనలు పది లక్షల దాకా ఉంటాయని బర్రదాస్ రాశాడు. అంతమందికి నీళ్ళు, గడ్డి ఎక్కడివని ఆలోచిస్తే ఆ అంకె నమ్మబుద్ధి కాదు. పదో వంతు అనుకున్నా దక్షిణాదిలో జరిగిన అతి పెద్ద యుద్ధాల్లో ఇదొకటి. ఆయన ఉత్తరం ముగిసేసరికి ఇరుసేనలు ఇంకా కాచుకుని ఉన్నాయి.

తోపూరు దగ్గర తేలింది. జగ్గరాజు కావేరి ఆనకట్టకు గండి కొట్టించాడని తంజావూరు కవులు చెబుతారు. పచ్చని డెల్టాకు అన్నం పెట్టే ఆనకట్టను యుద్ధం కోసం తెగ్గొట్టడం ఈ పోరులో అన్నిటికన్నా నీచమైన ఎత్తుగడ. యుద్ధంలో జగ్గరాజు చచ్చాడు, ముత్తువీరప్ప పారిపోయాడు. కృష్ణప్పకు జింజి తప్ప మిగతా కోటలన్నీ పోయాయి. రామదేవరాయల పట్టాభిషేకం 1617లో కుంభకోణంలో, అంటే ఒక సామంతుడి గడ్డ మీద జరిగింది. గెలిచిన చక్రవర్తికి సొంత రాజధానిలో కిరీటం పెట్టుకునే వీలు లేకపోయింది. రఘునాథుడి విజయాలను సంస్కృత కావ్యంగా రాసినవారిలో రామభద్రాంబ అనే ఆస్థాన కవయిత్రి ఉంది. దక్షిణదేశపు యుద్ధాలను ఒక స్త్రీ కావ్యంగా చెప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే.

చిత్రమేమంటే ఆ తర్వాత రాజీ కోసం రామదేవుడు జగ్గరాజు తమ్ముడు యతిరాజు కూతురినే పెళ్ళాడాడు. ప్రాణం పణంగా పెట్టిన యాచముడు దూరమయ్యాడు.

ఆఖరి మెట్లు

ఇల్లు సర్దుకునేలోపు పొరుగువారు వచ్చేశారు. కర్నూలు 1624లో బీజాపూరు పాలయింది. 1639లో దామెర్ల సోదరులు తీరంలో కొంత నేలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చారు. చెన్నపట్నం మొదలు అదే. 1642లో రాజైన మూడో శ్రీరంగరాయలు అంతకుముందు పెదతండ్రి మీద బీజాపూరును తెచ్చినవాడే. తానే రాజయ్యాక మదురై, తంజావూరు, జింజి నాయకులు ఆయన మీద తిరగబడ్డారు. మూడు ముట్టడులు తట్టుకున్న పెనుకొండ 1652 ప్రాంతంలో బీజాపూరు చేతికి చిక్కింది. అప్పటికి దాన్ని కాపాడటానికి చెన్నప్ప లేడు, జగదేవరాయలు లేడు, వెనక నిలబడే రాజ్యమూ లేదు.

1565 రాజ్యానికి తగిలిన గాయం. 1614 దాని ప్రాణం తీసింది. తళ్ళికోట ఒక్కటే కారణమని ఇంకా చెప్పేవారికి నా జవాబు ఇదే.

లేపాక్షికి వెళ్ళే యాత్రికులకు, కియా ఫ్యాక్టరీ ముందునుంచి బెంగళూరు రోడ్డున దూసుకుపోయేవారికి, ధర్మవరంలో పట్టుచీరలు కొని తిరిగివెళ్ళేవారికి ఒక మనవి. ఒక్క పూట పెనుకొండలో ఆగండి. ఎర్రమంచి వాకిలి, అక్కడి 11 అడుగుల ఆంజనేయుడు, గగనమహలు, బాబయ్య దర్గా చూడండి. బుక్కరాయల కొడుకు కాలంలో, 1354లో, కోట కట్టిన సంగతి చెప్పే శాసనం ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. వెంట పిల్లలుంటే చాకలి మూట కథ చెప్పి, ఆ తర్వాత కొండ ఎక్కించండి.